కిట్ డబ్బులు ముందు కట్టమంటే అది స్పాన్సర్‌షిప్ కాదు: డిస్క్ గోల్ఫ్‌పై అపోహలు, వాస్తవాలు

హన్మకొండ ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్‌లో పిల్లలకు ఫ్రిస్బీ, డిస్క్ గోల్ఫ్ నేర్పుతుంటాను. డిస్క్ గోల్ఫ్ అంటే ఫ్రిస్బీ లాంటి ప్లాస్టిక్ డిస్కును వీలైనన్ని తక్కువసార్లు విసిరి బాస్కెట్‌లో పడేసే ఆట. ఈ మధ్య ఆట గురించి అడిగేవాళ్ల కంటే స్పాన్సర్‌షిప్ గురించి అడిగేవాళ్లే ఎక్కువయ్యారు. అందులోనూ ఒకే అపోహ పదే పదే ఎదురవుతోంది. దానివల్ల ఇళ్లలో డబ్బు పోతోంది కాబట్టి ముందు దాని సంగతే చెబుతాను.

అపోహ: విదేశీ డిస్క్ కంపెనీ మన పిల్లల్ని సెలెక్ట్ చేసింది, కిట్‌కీ కస్టమ్స్‌కీ కొంత కడితే స్పాన్సర్‌షిప్ మొదలవుతుంది.

వాస్తవం: ఆటగాడి దగ్గర ముందే డబ్బు గుంజేది స్పాన్సర్‌షిప్ కాదు. ఉద్యోగం ఇస్తామని చెప్పి డిపాజిట్ అడిగేవాణ్ని మనం ఎలా చూస్తామో, వీళ్లనీ అలాగే చూడాలి. స్పాన్సర్ అంటేనే ఖర్చు పెట్టేవాడు. కొన్ని చోట్ల చిన్న స్థాయి ఆటగాళ్లకు డిస్కులు తగ్గింపు ధరకు ఇస్తారు, నిజమే. అది కొనుగోలు. మనకు కావాల్సినవి మనం ఎంచుకుని, కంపెనీ సొంత వెబ్‌సైట్‌లోనో, దాని డీలర్ దగ్గరో బిల్లు తీసుకుని కొంటాం. ఇన్‌స్టాగ్రామ్‌లో లోగో పెట్టుకున్న ఎవరో ఒక వ్యక్తి ఫోన్‌పే నంబరుకు పంపడం వేరే సంగతి.

కస్టమ్స్ మాట వినగానే చాలామంది నమ్మేస్తున్నారు. ఉచితంగా పంపిన డిస్కులకైనా విలువ కట్టి సుంకం వేస్తారు, అందులో అబద్ధం లేదు. కానీ దాన్ని పార్సిల్ వచ్చాక కొరియర్ సంస్థో, పోస్టాఫీసో రసీదు ఇచ్చి వసూలు చేస్తుంది. పార్సిల్ ఇంకా బయల్దేరకముందే సుంకం అడిగాడంటే అక్కడే ఆగిపోండి.

పర్కాల వైపు నుంచి వచ్చే ఒక అమ్మాయి ఉంది. చెయ్యి మంచిది, ఫోర్‌హ్యాండ్ నేర్పక ముందే సగం వచ్చేసింది. తను విసిరిన వీడియో పెట్టిన కొన్నాళ్లకు పేరున్న కంపెనీ లోగోతో మెసేజ్ వచ్చింది. వాళ్ల నాన్న ఆటో నడుపుతారు. మొదట కిట్ కోసం 8,500 పంపారు, తర్వాత కస్టమ్స్ అని ఇంకొంత పంపారు. మూడోసారి అడిగినప్పుడు నా దగ్గరకు వచ్చారు. "సార్, మా బిడ్డ సెలెక్ట్ అయిందట. పైసలు కట్టినం, ఇంక కట్టాల్నంటున్నరు" అన్నారు. ఆయన ముఖంలో భయం కంటే సంతోషమే ఎక్కువ కనిపించింది. నాకు మాట రాలేదు. అక్కడి నుంచే సైబర్ క్రైమ్ హెల్ప్‌లైన్ 1930కి ఫోన్ చేయించాను. రెండోసారి పంపిన డబ్బు ఖాతాలో ఆగింది, మొదటిది పోయింది. ఆ తర్వాత అమ్మాయి సిగ్గుతో గ్రౌండ్‌కు రావడం మానేసింది. ఇంటికి వెళ్లి, "తప్పు చేసింది నువ్వు కాదు, మీ నాన్న అసలే కాదు" అని చెప్పి తీసుకొచ్చాను. మీ ఇంట్లో ఇలా జరిగితే పిల్లల్ని తిట్టకండి. తిడతారని భయపడి దాచిపెడితే ఫోన్ చేయడం ఆలస్యమవుతుంది. 1930కి ఎంత త్వరగా చెబితే డబ్బును ఆపగలిగే అవకాశం అంత ఎక్కువ.

మెసేజ్ నిజమో కాదో చూసుకోవడం కష్టం కాదు. పెద్ద కంపెనీలు తమ టీమ్ ఆటగాళ్ల పేర్లు సొంత వెబ్‌సైట్‌లో పెడతాయి. ఆ సైట్‌లో ఉన్న చిరునామాకే మనం ఎదురు మెయిల్ రాసి అడగొచ్చు. ఇంకోటి, ఈ ఆటను నడిపించే అంతర్జాతీయ సంస్థ పీడీజీఏ (ప్రొఫెషనల్ డిస్క్ గోల్ఫ్ అసోసియేషన్) సభ్యుల నంబరు, రేటింగ్ (టోర్నమెంట్ స్కోర్లను బట్టి ఇచ్చే అంకె) ఎవరైనా చూడొచ్చు. మీ పిల్లలు రేటింగ్ ఉన్న టోర్నమెంటే ఆడలేదనుకోండి, "మీ రేటింగ్ చూసి సెలెక్ట్ చేశాం" అనే మాట ఎక్కడి నుంచి వచ్చింది?

ఈ మోసాలకు ఊపు ఇచ్చేది ఇంకో అపోహ: స్పాన్సర్ దొరికితే కోట్లు. దీనికి కారణం అమెరికా డిస్క్ గోల్ఫ్ ఆటగాడు పాల్ మెక్‌బెత్. 2021లో డిస్కుల కంపెనీ డిస్‌క్రాఫ్ట్ ఆయనతో పదేళ్లకు కోటి డాలర్ల ఒప్పందం చేసుకుంది. అప్పటికే ఆయన అయిదుసార్లు ప్రపంచ చాంపియన్. ఆయన పేరున్న డిస్కులు విపరీతంగా అమ్ముడవుతాయి. డిస్క్ కంపెనీకి డబ్బు వచ్చేదే ప్లాస్టిక్ డిస్కులు అమ్మితే. అందుకే ఆటగాడి పేరుతో వేసిన డిస్కు మీద అతనికీ కొంత వాటా ఇస్తారు. పైన ఉన్న కొద్దిమందికే ఇలాంటి భరోసా. వాళ్ల కింద ఉన్నవాళ్లకు దొరికేది కొన్ని డిస్కులు, ఒక జెర్సీ, ధరలో తగ్గింపు. ప్రయాణం, ఎంట్రీ ఫీజు చాలాసార్లు సొంతమే. 2020లో కరోనా కాలంలో అమెరికాలో ఈ ఆట ఒక్కసారిగా పెరిగి డిస్కులకు కొరత వచ్చింది, తర్వాత ఆ వేడి తగ్గింది. కంపెనీలు ఇప్పుడు ఆచితూచి ఖర్చు పెడుతున్నాయి.

మరి మన ఊరి నుంచి అడగడమే దండగా? కాదు. మన దగ్గరి ఆటగాడి గురించి కంపెనీ ఆలోచించేది ఒక్కటే: ఇతని వల్ల ఇంకెంతమంది ఆట మొదలుపెడతారు? కాబట్టి "నేను బాగా విసురుతాను" అని రాసేకంటే, ఎక్కడ ఆడిస్తున్నారో, ఎంతమంది వస్తున్నారో, దసరా సెలవుల్లో పెట్టిన క్యాంపు ఫొటోలు, ఇవి పంపండి. మా గ్రౌండ్‌లో బాస్కెట్లు లేవు, చెట్లకు గుర్తులు పెట్టుకుని ఆడతాం. ఆ మాట దాచకుండా రాయండి. ఒప్పందం అంటూ వస్తే ఒక్క విషయం చదవండి: వేరే కంపెనీ డిస్కు టోర్నమెంట్‌లో వాడకూడదు అని ఉంటుందేమో. మీకు అలవాటైన పట్టర్ (బాస్కెట్ దగ్గర నుంచి వేసే డిస్కు) వదులుకోవాల్సి వస్తే, నాలుగు ఉచిత డిస్కుల కోసం అది అక్కర్లేదని నా అభిప్రాయం.

మిగతావి త్వరగా. చాంపియన్ వాడే డ్రైవర్ (దూరం విసరడానికి వాడే డిస్కు) కొంటే దూరం పోతుందంటారు. పోదు. డిస్కు మీద వేసే స్పీడ్ అంకె 12, 13 ఉంటే దానికి అంత వేగంగా తిరిగే చెయ్యి కావాలి. కొత్తవాళ్లు కుడిచేత్తో బ్యాక్‌హ్యాండ్ వేస్తే తొందరగా ఎడమకు వాలి పడిపోతుంది. పట్టర్, మధ్య దూరానికి వాడే మిడ్‌రేంజ్ డిస్కుతోనే మొదలుపెట్టండి. డిస్కు మీద ఉన్న పేరు వాళ్లదే ఫ్యాక్టరీ అనుకోవద్దు. అమెరికాలోని డైనమిక్ డిస్క్స్ పేరుతో వచ్చినవి ఏళ్ల తరబడి స్వీడన్‌లో లాటిట్యూడ్ 64 తయారుచేసినవే. డిస్కు బరువెక్కువ ఉంటే మంచిదన్నదీ అపోహే. డిస్కు అడ్డంగా ఎన్ని సెంటీమీటర్లు ఉంటే, సెంటీమీటరుకు 8.3 గ్రాముల చొప్పున లెక్కేసి అంతకు మించిన బరువును పీడీజీఏ ఒప్పుకోదు, పిల్లల చేతికి 150 గ్రాముల చుట్టూ ఉన్నదే హాయి.

స్పాన్సర్‌షిప్ మెసేజ్ వస్తే డబ్బు పంపేముందు నాకు చూపించండి. సాయంత్రాలు గ్రౌండ్‌లోనే ఉంటాను, ఏ ఊరి వాళ్లైనా సరే.