వైరస్‌ల మీద పనిచేసే డాక్టరు: మా సరిహద్దు ఊళ్ల అపోహలు - వాస్తవాలు

"ఎంబీబీఎస్ చదివాడు, ఎండీ చేశాడు, చివరికి ల్యాబులో ఎలుకలు పెంచుతున్నాడట పాపం." ఆంధ్ర-ఒడిశా సరిహద్దులో పర్లాకిమిడి నుంచి బరంపురం దాకా ఏ పెళ్లిలో మా చుట్టాలు కలిసినా నా గురించి నడిచే మాట ఇదే. నేను పెంచేది ఎలుకల్ని కాదు, మనిషి కణాల్ని. వాటిలోకి వైరస్ ఎలా దూరుతుంది, దూరాక ఏం చేస్తుంది అన్నది చూడటం నా పని. ఓపీ కూడా మానలేదు.

అపోహ: గట్టి యాంటీబయాటిక్ పడితే వైరస్ అయినా చస్తుంది.

పెన్సిలిన్ బ్యాక్టీరియాను కణగోడ కట్టుకోనివ్వదు. వైరస్‌కు ఆ గోడే లేదు. ప్రోటీన్లు చేసుకునే ఏర్పాటూ లేదు, మన కణంలోని రైబోజోములనే వాడుకుంటుంది. ఇంటి దొంగను ఈశ్వరుడైనా పట్టలేడు అన్నట్టు, దాన్ని కొట్టబోతే దెబ్బ మన కణానికే తగలొచ్చు. అందుకే నాకు ఎసైక్లోవిర్ అంటే గౌరవం. హెర్పిస్ జాతి వైరస్ తయారుచేసే థైమిడిన్ కైనేజ్ అనే ఎంజైము తగిలితేనే ఆ మందు బాగా పనిలోకి దిగుతుంది. వైరస్ లేని కణంలో దాదాపు ఊరికే ఉంటుంది. దీని వెనకున్న శాస్త్రవేత్తల్లో ఒకరైన గెర్ట్రూడ్ ఎలియన్‌కు 1988లో నోబెల్ వచ్చింది. 2007లో అమెరికాలో అనుమతి పొందిన హెచ్‌ఐవీ మందు మారవిరాక్‌ది ఇంకో దారి. అది వైరస్‌ను ముట్టుకోదు, మన కణం మీది సీసీఆర్5 గ్రాహకానికి అతుక్కుని వైరస్‌కు పట్టు దొరక్కుండా చేస్తుంది.

అపోహ: పరీక్షలో వైరస్ తేలితే జబ్బుకు కారణం దొరికినట్టే.

ఇది డాక్టర్లలోనూ ఉంది. 2016లో ఒడిశాలోని మల్కనగిరి జిల్లాలో వందకు పైగా పిల్లలు చనిపోయారు. మొదట అందరి వేలూ దోమకాటుతో వచ్చే వైరస్ జబ్బు జపనీస్ మెదడువాపు వైపే చూపించింది. కొందరిలో అది తేలింది కూడా. తర్వాత పరిశీలించిన నిపుణుల బృందం చాలా మరణాలకు బడ చకుండా, అంటే మన కసివింద గింజలను కారణంగా చూపింది. వాటిలోని ఆంత్రాక్వినోన్లు అనే విషాలు కాలేయాన్నీ కండరాల్నీ మెదడునీ దెబ్బతీస్తాయి.

రెండూ ఒకేచోట ఎలా? జపనీస్ మెదడువాపు వైరస్ సోకిన సుమారు 250 మందిలో ఒకరికే జబ్బు తీవ్రంగా బయటపడుతుంది. మిగతావాళ్లలో చాలామందికి సోకిన సంగతే తెలియదు, రక్తంలో యాంటీబాడీలు మాత్రం ఉంటాయి. అలాంటి బిడ్డ వేరే కారణంతో పడిపోయినా పరీక్ష వైరస్ పేరే చెప్పొచ్చు. కాబట్టి వైరస్ ఉందా అని అడిగితే చాలదు. ఏ కణాల్లో ఉంది, దెబ్బతిన్న కణాలు అవేనా అనీ అడగాలి. మంచం పక్క నిలబడ్డవాడికి "మెదడు జబ్బులో కాలేయం ఎంజైములు ఇంతెందుకు పెరిగాయి?" అన్న అనుమానం రావాలి. దాన్ని తేల్చే చెయ్యి ల్యాబులో ఉండాలి. టీకా గింజ విషాన్ని ఆపదు, తల్లులకు గింజల సంగతి చెబితే దోమ ఆగదు.

అపోహ: ఒంట్లో బలముంటే వైరస్ ఏమీ చేయదు.

ఇమ్యూనిటీ పొడులు అమ్మేవాళ్లకు ఈ మాట నచ్చదు గానీ, సంగతి అంత తేలిక కాదు. వైరస్ సోకిన కణం పక్క కణాల్ని హెచ్చరించడానికి ఇంటర్‌ఫెరాన్ వదులుతుంది. దాన్ని 1957లో కనుక్కున్నారు. 2020లో ప్రాణాపాయ స్థితిలో ఉన్న 987 మంది కోవిడ్ రోగులను పరిశీలిస్తే, 101 మంది ఒంట్లో తమ ఇంటర్‌ఫెరాన్‌నే పనిచేయనివ్వని యాంటీబాడీలు కనిపించాయి. అలాంటివాడు కండలు తిరిగినవాడైనా కావచ్చు.

అపోహ: వీడు ల్యాబు నుంచి వైరస్ ఇంటికి తెస్తాడు.

"స్నానం చేసే వచ్చావేటి బాబూ?" అని మా పిన్ని ఇప్పటికీ అడుగుతుంది. వైరస్ కణంలోకి దూరే తీరు చూడటానికి చాలాసార్లు అసలు వైరసే అక్కర్లేదు. పెరగలేని బొమ్మ వైరస్ మీద దాని పై ప్రోటీన్ తొడిగితే సరిపోతుంది. లోపలికి దూరితే కణం వెలుగుతుంది, ఆ వెలుగును కొలుస్తాం. బతికున్న నిపా వైరస్‌ను పెంచి చూడాలంటే పుణె జాతీయ వైరాలజీ సంస్థలోని బీఎస్‌ఎల్-4 (అత్యున్నత భద్రత స్థాయి) లాంటి ప్రయోగశాలే కావాలి.

అపోహ: ఇదంతా అమెరికా వెళ్లేవాళ్లకే.

సొంత నర్సింగ్‌హోం పెట్టిన క్లాస్‌మేట్‌తో సంపాదన పోల్చుకోకండి, ఓడిపోతారు. చదువూ పొడుగే: ఎంబీబీఎస్ అయిదున్నరేళ్లు, ఎండీ మూడేళ్లు, ఆపైన చాలామందికి పీహెచ్‌డీ. కానీ మొదలుపెట్టడానికి సముద్రం దాటక్కర్లేదు. భువనేశ్వర్‌లో ఐసీఎంఆర్ (భారత వైద్య పరిశోధన మండలి) ప్రాంతీయ కేంద్రం ఉంది, ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ లైఫ్ సైన్సెస్ ఉంది. ఎంబీబీఎస్ చదువుతుండగానే రెండు నెలల చిన్న పరిశోధనకు ఐసీఎంఆర్ స్టూడెంట్‌షిప్ ఇస్తుంది. బరంపురం, కొరాపుట్ మెడికల్ కాలేజీల పిల్లలు ముందు దానికి దరఖాస్తు పెట్టండి.