కోర్టు కచేరీల్లో వెలిగిన నహువాటల్ ఇంటికే ఎందుకు పరిమితమైంది?

2020 జనాభా లెక్కల ప్రకారం మెక్సికోలో నహువాటల్ మాట్లాడేవాళ్లు దాదాపు 16.5 లక్షల మంది. అక్కడి మూలవాసుల భాషల్లో ఇదే పెద్దది. అయినా చాలా ఊళ్లలో తాతలు నహువాటల్‌లో పలకరిస్తే మనవలు స్పానిష్‌లో బదులిస్తున్నారు.

కారణం అడిగితే ఎక్కువమంది 1521ని చూపిస్తారు. ఆ ఏడాది ఆగస్టు 13న స్పెయిన్ సేనాని కోర్టెస్ సేన అజ్‌టెక్‌ల రాజధాని టెనోచ్టిట్లాన్‌ను పట్టుకుంది. ఆ సేనకు అండగా నిలిచిన త్లాష్కలా రాజ్యపు యోధులూ నహువాలే, అంటే నహువాటల్ మాట్లాడేవాళ్లే. మశూచి, ఆ తర్వాతి అంటురోగాలు ఊళ్లకు ఊళ్లనే ఊడ్చేశాయి. అంత ఘోరం జరిగినా భాష మాత్రం నిలదొక్కుకుంది.

క్రైస్తవ సన్యాసులు మతప్రచారం కోసం ఈ భాష నేర్చుకున్నారు. 1547లో వాళ్లలో ఒకడైన ఓల్మోస్ దీనికి వ్యాకరణం రాశాడు. 1570లో స్పెయిన్ రాజు రెండో ఫిలిప్ నహువాటల్‌ను అక్కడి మూలవాసుల అధికార భాషగా ప్రకటించాడు. నా దృష్టిలో వీటికన్నా విలువైనవి ఊరి కాగితాలు. మెక్సికో నగరం పక్కనున్న కుల్వాకాన్‌లో 1580 ప్రాంతంలో రాసిన వీలునామాలు ఇప్పటికీ ఉన్నాయి. మంచం పట్టిన మనిషి చెబుతుంటే, ఊరి నోటరీ లాటిన్ అక్షరాల్లో నహువాటల్ రాసేవాడు. ఇల్లు ఎవరికి, ఏ పొలం చెక్క ఎవరికి, తీర్చాల్సిన అప్పులేమిటి, చర్చిలో ప్రార్థనలకు ఎంత ఇవ్వాలి, అన్నీ అందులో ఉంటాయి. ఆడవాళ్లు రాయించినవీ బోలెడు. భూమి తగాదాల్లో ఇలాంటి కాగితాలను కోర్టులు సాక్ష్యంగా తీసుకునేవి.

ఆ స్థానం 18వ శతాబ్దంలో జారడం మొదలైంది. మూలవాసుల భాషలు అంతరించి స్పానిష్ ఒక్కటే నిలవాలని 1770లో స్పెయిన్ రాజు మూడో కార్లోస్ ఆజ్ఞ ఇచ్చాడు. 1821లో స్వాతంత్ర్యం వచ్చాక చట్టం ముందు అందరూ సమానమే అన్నారు. దాంతో మూలవాసుల ఊళ్లకు ఉన్న ప్రత్యేక పాలన పోయింది, దస్తావేజులన్నీ స్పానిష్‌లోకి మారాయి. పొలం హక్కు నిరూపించుకోవడానికి పనికిరాని భాషను పిల్లలకు నేర్పడానికి పేదవాడు వెనకాడితే తప్పు అతనిది కాదు.

మెక్సికో విప్లవకాలంలో, 1918లో, రైతు నాయకుడు జపాటా నహువాటల్‌లో ప్రకటనలు విడుదల చేశాడు. 1921లో ఏర్పడిన విద్యాశాఖ మాత్రం దేశాన్ని ఒక్కటి చేయాలంటే స్పానిష్ చాలనుకుంది. ఇంటి భాష మాట్లాడినందుకు బడిలో దెబ్బలు తిన్నవాళ్లు తమ పిల్లలకు ఆ గతి పట్టకూడదని ఇంట్లోనూ మానేశారు.

2003 చట్టం మూలవాసుల భాషలను జాతీయ భాషలుగా గుర్తించింది. ప్రభుత్వ వ్యవహారాల్లో వాడుకునే హక్కూ ఇచ్చింది. కానీ కోర్టుల్లో దుబాసీల కొరత తీరలేదు.