కత్తితో గడ్డం గీయడం: అపోహలు, వాస్తవాలు

ఈ మధ్య మా ఒంగోలు కుర్రాళ్ళు కొందరు ఆన్‌లైన్‌లో మడత కత్తి తెప్పించుకుంటున్నారు. కొన్నాళ్ళు ఇంట్లో దాంతో కుస్తీ పట్టి, చెంపల నిండా ఎర్రటి గీతలతో మా సెలూన్ షాపుకొచ్చి "అన్నా, కత్తిలో ఏదో తేడా ఉంది, చూడవా" అంటారు. చాలాసార్లు కత్తి బాగానే ఉంటుంది. తేడా అంతా వాళ్ళు విన్న మాటల్లో ఉంటుంది. పని నేర్చుకుందామని షాపులో చేరే పిల్లలు కూడా ఇవే నమ్మకాలతో వస్తారు కాబట్టి, ఇద్దరికీ కలిపి రాస్తున్నాను.

అపోహ: కత్తి పట్టిన చెయ్యి తిరిగితే చాలు, పని వచ్చేసినట్టే.

నన్నడిగితే పనిలో ముప్పాతిక వంతు రెండో చేతిదే. చర్మం బిగువుగా లేకపోతే ఎంత మంచి కత్తయినా చర్మాన్ని ముందుకు తోసుకుంటూ పోతుంది. ఆ తోసిన చోట చిన్న ముడత లేస్తుంది, అంచు అందులో దిగుతుంది. తెగేది అక్కడే.

కుడి చెంప గీసేటప్పుడు ఎడమ చేతి వేళ్ళు కణత దగ్గర ఆనించి చర్మాన్ని పైకి లాగాలి. దవడ మూల దగ్గరికి వచ్చేసరికి ఇంకాస్త పైకి లాగితే, దవడ కింద దాక్కున్న వెంట్రుకలు ఎముక మీదికి వస్తాయి. అప్పుడు చదునైన చోట గీసినంత సులువు. గొంతుముడి మీద నేరుగా కత్తి పెట్టకూడదు. అక్కడి చర్మాన్ని పక్కకి జరిపి, చదునుగా ఉన్న చోట గీసి వదిలేస్తే అది మళ్ళీ దాని స్థానానికి పోతుంది. గడ్డం మొన దగ్గర కస్టమర్‌నే కింది పెదవి పళ్ళ మీదికి మడవమంటాం.

నురగ తగిలి వేళ్ళు జారుతుంటే తడి పటిక ముక్కని వేలికొసలతో ఒకసారి రుద్ది చూడండి, పట్టు దొరుకుతుంది. చిన్న చిట్కానే కానీ, కొత్తవాళ్ళ గాట్లు సగం దీంతోనే తగ్గుతాయి.

బెలూన్‌కి నురగ పూసి గీయడం ప్రాక్టీసుకి మంచిదే. చెయ్యి ఎంత తేలిగ్గా ఉండాలో తెలుస్తుంది. కానీ బెలూన్ పుట్టుకతోనే బిగువుగా ఉంటుంది, కాబట్టి చర్మం లాగడం దాని మీద రాదు. అందుకే బెలూన్ మీద ఆరితేరిన కుర్రాడు కూడా చెంప లోపలికి పోయిన పెద్దాయన కుర్చీలో కూర్చుంటే తడబడతాడు.

అపోహ: గట్టిగా నొక్కితేనే నున్నగా వస్తుంది.

కత్తి బరువే చాలు. కత్తి వెన్ను, అంటే పదును లేని మందపాటి వైపు, చర్మానికి కొంచెం ఎత్తులో, అంచు సుమారు 30 డిగ్రీల వాలులో ఉండాలి. మరీ పడుకోబెడితే వెంట్రుకని పీకుతుంది, మరీ నిలబెడితే చర్మాన్ని గీరుతుంది. కోణం కుదిరిందో లేదో చెవికి తెలుస్తుంది. సన్నగా కరకరమని చప్పుడు ఒకే తీరున వస్తుంటే సరిగ్గా ఉన్నట్టు. చప్పుడు మారితే నురగ ఆరిపోయి ఉంటుంది, లేదంటే మణికట్టు తిరిగి ఉంటుంది. పని నేర్చుకునే పిల్లాడు కత్తి పట్టినప్పుడు నేను షాపులో టీవీ కట్టేయిస్తాను. కస్టమర్లు గొణుక్కుంటారు, గొణుక్కోనీ.

అపోహ: గీసేకొద్దీ గడ్డం దట్టంగా వస్తుంది.

రాదు. మిల్డ్రెడ్ ట్రాటర్ అనే అమెరికన్ శాస్త్రవేత్త 1928లోనే దీన్ని పరీక్షించి, గీయడం వల్ల వెంట్రుక మందమూ మారదు, పెరిగే వేగమూ మారదు అని తేల్చింది. మామూలుగా వెంట్రుక కొస సన్నబడి ఉంటుంది. గీశాక ఆ కొస పోయి మొండి అంచు మిగులుతుంది కాబట్టి చేతికి గరుగ్గా తగులుతుంది. పిల్లలకి గుండు చేయించినా అంతే. మాలకొండలోనో జొన్నవాడలోనో మొక్కు ఉంటే హాయిగా తీర్చుకోండి. జుట్టు ఒత్తుగా రావాలని మాత్రం పసివాణ్ణి ఏడిపించకండి.

అపోహ: వెంట్రుకలకే కత్తి మొద్దుబారిందంటే అది నాసిరకం ఉక్కు.

మంచి ఉక్కు కూడా మొద్దుబారుతుంది. 2020లో అమెరికాలోని ఎంఐటీ విశ్వవిద్యాలయ పరిశోధకులు గడ్డం గీసే బ్లేడుని ఎలక్ట్రాన్ మైక్రోస్కోపు కింద పెట్టి చూసి, ఆ ఫలితాలు 'సైన్స్' పత్రికలో వేశారు. బ్లేడు ఉక్కు వెంట్రుక కంటే 50 రెట్లు గట్టిది. అయినా వెంట్రుక వంగి ఏటవాలుగా తగిలినప్పుడు, ఉక్కు లోపలి అమరిక ఒకే తీరుగా లేని చోట అంచు నుంచి సన్నటి పెచ్చులు లేస్తున్నాయి.

మన చేతిలో ఉన్నదల్లా వెంట్రుకని మెత్తబరచడమే. గోరువెచ్చని నీళ్ళతో రెండు మూడు నిమిషాలు బాగా నాననివ్వాలి. నేను షాపులో చూసే తొందరంతా ఇక్కడే. నీళ్ళు చల్లడం, నురగ పూయడం, వెంటనే కత్తి పెట్టేయడం.

నీళ్ళంటే గుర్తొచ్చింది. మన వైపు చాలా చోట్ల బోరు నీళ్ళు ఉప్పగా, కఠినంగా ఉంటాయి. ఆ నీళ్ళలోని కాల్షియం, మెగ్నీషియం సబ్బుతో కలిసి తెట్టు కడతాయి గానీ నురగ లేవదు. లేచినా క్షణాల్లో ఆరిపోతుంది. సబ్బు మంచిది కాదని మార్చేముందు, తాగే నీళ్ళ క్యాన్‌లోంచి అర కప్పు తీసుకుని బ్రష్ తిప్పి చూడండి. అదే సబ్బు పెరుగులా చిక్కగా నిలబడుతుంది.

అపోహ: రివర్స్ కొట్టకపోతే, అంటే వెంట్రుక వాలుకి ఎదురు గీయకపోతే, అసలది షేవింగే కాదు.

కస్టమర్లతో నాకు రోజూ ఉండే వాదన ఇదే. "రివర్స్ కూడా వేసెయ్ అన్నా" అంటారు, మెడ నిండా ఎర్రటి పొక్కులు పెట్టుకుని.

ముందు వెంట్రుకల వాలు చూడాలి. పొడి గడ్డం మీద వేళ్ళతో నిమిరితే ఒకవైపు నున్నగా, ఇంకోవైపు గరుగ్గా తగులుతుంది. నున్నగా పోయేదే వాలు. చెంపల మీద చాలామందికి అది కిందికే ఉంటుంది. మెడ దగ్గరే అసలు చిక్కు. ఒకరికి పైకి, ఒకరికి పక్కకి, ఒకరికి సుడి తిరిగి ఉంటుంది. కుడి పక్కకీ ఎడమ పక్కకీ పొంతన లేని మెడలు కూడా ఉంటాయి. ఇంట్లో గీసుకునేవాళ్ళు రెండు రోజులు గడ్డం పెంచి, మెడ మీద వాలు ఎటుందో కాగితం మీద బాణం గుర్తులు వేసుకుంటే మంచిది.

మొదటిసారి వాలు వెంటే గీయాలి. మళ్ళీ నురగ పట్టించి అడ్డంగా గీయాలి. చాలా ముఖాలకి అంతకు మించి అక్కర్లేదు. ఎదురు గీత చర్మం ఒప్పుకునేవాళ్ళకే. వెంట్రుక ఉంగరాలు తిరిగినవాళ్ళకి ఎదురు గీస్తే అది చర్మం మట్టం కంటే కిందికి తెగి, పెరిగేటప్పుడు బయటికి రాకుండా లోపలికే గుచ్చుకుంటుంది. ఆ పొక్కులు అవే. క్రీములు మార్చి లాభం లేదు, కొన్నాళ్ళు ఎదురు గీత మానాలి. పెళ్ళికొడుకులకైతే ఒక మాట: మూడు రివర్సులు ముహూర్తం రోజు పొద్దున పెట్టుకోకండి, ఫొటోల్లో తెలిసిపోతుంది.

అపోహ: కత్తిని మందు నీళ్ళలో ఒకసారి ముంచితే క్రిములు పోతాయి.

హెపటైటిస్ బి వైరస్ శరీరం బయట కనీసం 7 రోజులు బతికుంటుంది. ఒక మునకతో అది పోతుందనుకోవడం ప్రమాదం. అందుకే షాపుల్లో సొంత అంచు ఉన్న పాత కత్తి పోయి, బ్లేడు ముక్క వేసుకునే కత్తి వచ్చింది. జిల్లెట్ 1904లో పేటెంట్ పొందిన రెండంచుల బ్లేడునే మేము కాగితంలో ఉండగానే మధ్యకి విరిచి, సగం ఒకరికి, సగం ఇంకొకరికి వాడతాం. మీ కళ్ళ ముందే కొత్తది వేయమని అడగండి. మొహమాటం అక్కర్లేదు, సరైన పనివాడు ఏమీ అనుకోడు. పటిక విషయంలోనూ ఇదే అడగాలి. రక్తం వచ్చిన చోట రుద్దిన గడ్డనే తర్వాతి మనిషికి రుద్దడం తప్పు. పొడి చేసి దూదితో అద్దడం మేలు. మండిందంటే క్రిములు చచ్చినట్టే అంటారు గానీ, మంటకీ దానికీ సంబంధం లేదు.

వాడిన ముక్కల్ని మూతకి సన్న చీలిక పెట్టిన డబ్బాలో వేయండి. చెత్తబుట్టలో వేస్తే తెగేది పొద్దున్నే వచ్చే మున్సిపాలిటీ వాళ్ళ చెయ్యి.

అపోహ: మడత కత్తిని రోజూ రాయి మీద నూరాలి.

రోజూ కావాల్సింది తోలు పట్టీ. ప్రతి షేవింగ్‌కి ముందు యాభై అరవైసార్లు పోనిస్తే చాలు. వెన్ను ముందు, అంచు వెనక. చివరికి వచ్చాక కత్తిని వెన్ను మీదే తిప్పాలి, అంచు మీద తిప్పితే తోలూ పోతుంది, పదునూ పోతుంది. పట్టీ వదులుగా వేలాడితే అంచు గుండ్రబడుతుంది.

తోలుకి లొంగనప్పుడే రాయి. అక్కడ అంచు ముందు పోవాలి, వెన్నూ అంచూ రెండూ రాయికి ఆని ఉండాలి. వెన్ను మందమే కోణాన్ని కుదురుస్తుంది కాబట్టి దాన్ని లేపకుండా ఉంటే చాలు. ఇంట్లో వాడుకునే కత్తికి నెలల తరబడి రాయి అక్కర్లేదు.

మన సముద్రపు గాలికి కత్తికి పెద్ద శత్రువు తుప్పు. తడి కత్తిని మడిచి బాత్రూంలో పెడితే రెండు రోజుల్లో అంచు మీద చుక్కలు లేస్తాయి. బాగా తుడిచి కుట్టుమిషను నూనె చుక్క రాసి పెట్టండి. కొబ్బరినూనె నిలవుంటే జిగురు కడుతుంది.

అపోహ: ఎదుటివాడి గడ్డం గీయడం వస్తే సొంత గడ్డం ఇంకా సులువు.

మా వృత్తిలో చాలామంది ఒకరి గడ్డం ఒకరు గీసుకుంటారు. సొంత ముఖానికి వచ్చేసరికి మణికట్టు తిరగబడుతుంది, లాగే చెయ్యి తల మీదుగా పోవాలి, అద్దంలో కోణం మోసం చేస్తుంది. అందుకని ఇంట్లో మొదలుపెట్టేవాళ్ళు కొన్ని వారాలు చెంపలు మాత్రమే కత్తితో గీసి, మిగతాది మామూలు రేజర్‌తో కానివ్వండి. తర్వాత మెడ, ఆ తర్వాత దవడ. పై పెదవీ, గడ్డం మొనా అన్నిటికంటే చివర.