కేబుల్ ఒకటే, నెట్‌వర్క్ మూడుసార్లు

ఆర్మ్ బోర్డు (ఆర్మ్ ప్రాసెసర్ ఉన్న చిన్న కంప్యూటర్) మీద లైనక్స్ పని చేసేవాళ్లకు ఎస్‌డీ కార్డు తీయడం, కంప్యూటర్‌లో పెట్టి కొత్త కెర్నెల్ (లైనక్స్‌లో అసలు భాగం) రాయడం, మళ్లీ బోర్డులో గుచ్చడం కొన్నాళ్లకే విసుగు పుట్టిస్తుంది. అందుకే నెట్‌వర్క్ బూట్. కెర్నెల్, ఫైల్ సిస్టమ్ రెండూ కంప్యూటర్‌లోనే ఉంటాయి. బోర్డు ఆన్ అవగానే ఈథర్‌నెట్ కేబుల్ మీదుగా వాటిని తెచ్చుకుంటుంది. ఫైలు మార్చి రీసెట్ నొక్కితే చాలు. నడిచినంతకాలం హాయిగా ఉంటుంది కానీ, ఒకసారి ఆగిందంటే తప్పెక్కడో ఓ పట్టాన దొరకదు.

దొరకనివ్వనిది చాలాసార్లు మన నమ్మకమే: ‘ఇందాక నెట్‌వర్క్ పనిచేసింది కదా!’ నిజానికి, కెర్నెల్ కన్నా ముందు లేచి దాన్ని తెచ్చి నడిపించే యూ-బూట్ అనే బూట్‌లోడర్ తన సొంత డ్రైవర్‌తో ఈథర్‌నెట్‌ను లేపి, ఐపీ అడ్రస్ తీసుకుని, కెర్నెల్‌ను డౌన్‌లోడ్ చేస్తుంది. కెర్నెల్ లేవగానే అదంతా పక్కనపెట్టి, తన డ్రైవర్‌తో మొదటికొచ్చి, ఐపీ మళ్లీ అడుగుతుంది. ఆ తర్వాత మిగతా ప్రోగ్రాములను మొదలుపెట్టే సిస్టమ్‌డీ లాంటివి లేచి మూడోసారి మొదలుపెడతాయి. ఒక దశలో పనిచేసినంత మాత్రాన తర్వాతి దశకు గ్యారంటీ ఏమీ లేదు. కాబట్టి ముందు తేల్చుకోవాల్సింది, ఆగిపోయేముందు ఆఖరుగా మాట్లాడింది ఎవరన్నది. అది చెప్పేది సీరియల్ కన్సోల్, అంటే బోర్డు సందేశాలను మూడు తీగల మీదుగా కంప్యూటర్ తెరకు చేర్చే దారి. చాలా బోర్డుల్లో దాని వేగం సెకనుకు 115200 బిట్లు. ఆ మూడు తీగలు తగిలించకుండా డీబగ్గింగ్‌కు కూర్చోవడం వృథా.

యూ-బూట్ కెర్నెల్‌ను తెచ్చుకునే పద్ధతి టీఎఫ్‌టీపీ. ఇప్పుడు వాడుకలో ఉన్న దాని ప్రమాణం 1992 నాటిది. డౌన్‌లోడ్ సాగుతుంటే తెర మీద హ్యాష్ గుర్తులు వరుసకడతాయి. జవాబు రాక టైమ్ అయిపోయినప్పుడల్లా ఇంగ్లిష్ ‘టీ’ అక్షరం పడుతుంది. అన్నీ టీలే పడుతుంటే చాలామంది కంప్యూటర్‌లో టీసీపీడంప్ (వచ్చిపోయే ప్యాకెట్లను చూపే ప్రోగ్రాము) పెట్టి టీఎఫ్‌టీపీ వాడే 69వ పోర్టును గమనిస్తారు. బోర్డు అడగడం కనిపిస్తుంది, సర్వర్ జవాబు కనిపించదు. సర్వర్ పాడైందనుకుంటారు. కానీ 69కి వచ్చేది మొదటి అభ్యర్థన మాత్రమే. సర్వర్ కొత్త పోర్టు ఒకటి తెరిచి అక్కడి నుంచి డేటా పంపుతుంది. అందుకే పోర్టును కాదు, బోర్డు ఐపీని పట్టి చూడాలి. మధ్యలో ఫైర్‌వాల్ ఉంటే అదీ ఈ కొత్త పోర్టు దగ్గరే బోల్తాపడుతుంది. ఇంకో పాత చిక్కు: బ్లాకు 512 బైట్లు, బ్లాకు నంబరుకు 16 బిట్లే. అంటే 32 ఎంబీ దగ్గర లెక్క అయిపోతుంది. బ్లాకు సైజు పెంచుకోవడం తెలియని పాత సర్వర్లు పెద్ద ఇమేజ్‌ను అక్కడే వదిలేస్తాయి.

స్విచ్‌ను కూడా అనుమానించాలి. పాత పద్ధతి స్పానింగ్ ట్రీ (ప్యాకెట్లు గుండ్రంగా తిరుగుతూ ఉండిపోకుండా చూసే ఏర్పాటు) నడిచే స్విచ్‌లో, లింకు లేచాక కేబుల్ గుచ్చిన పోర్టు 30 సెకన్లపాటు ఏ ప్యాకెట్‌నూ వదలదు. ఆలోపే యూ-బూట్ ఓపిక అయిపోవచ్చు. కెర్నెల్ మళ్లీ లింకును దించి లేపితే మళ్లీ 30 సెకన్లు.

‘స్టార్టింగ్ కెర్నెల్’ అన్న లైను తర్వాత నిశ్శబ్దం అయితే టెన్షన్ పెడుతుంది. డివైస్ ట్రీ (బోర్డులో ఏ హార్డ్‌వేర్ ఉందో కెర్నెల్‌కు చెప్పే ఫైలు) ఈ బోర్డుది కాకపోవచ్చు, మెమరీలో అదీ కెర్నెలూ ఒకదాని మీద ఒకటి పడి ఉండొచ్చు. కన్సోల్ పేరు తప్పు ఇవ్వడం వల్ల కెర్నెల్ బతికే ఉండి, మాట మాత్రం మనకు వినిపించకపోవచ్చు కూడా. తేల్చుకోవడం తేలిక. బూట్ ఆర్గ్యుమెంట్లలో (కెర్నెల్‌కు మొదట్లో ఇచ్చే సూచనల్లో) ఐపీని డీహెచ్‌సీపీతో, అంటే ఐపీలు పంచే సర్వర్‌ను అడిగి తెచ్చుకోమని ఉంటే, టీసీపీడంప్‌లో యూ-బూట్‌ది కాక రెండో డీహెచ్‌సీపీ అభ్యర్థన వచ్చిందేమో చూడండి. వచ్చిందా, కెర్నెల్ నడుస్తోంది, కన్సోల్ సరిచేసుకోండి.

యూ-బూట్‌లో చక్కగా పనిచేసిన గిగాబిట్ లింకు కెర్నెల్‌లో మూగబోవడం నా దృష్టిలో అన్నిటికన్నా మంచి పజిల్. లింకు వచ్చిందంటుంది, లైట్లు వెలుగుతాయి, ఒక్క ప్యాకెట్ కూడా సరిగ్గా అందదు. ప్రాసెసర్‌కూ, కేబుల్ మీద సిగ్నళ్లు పంపి అందుకునే ఈథర్‌నెట్ ఫై చిప్పుకూ మధ్య ఆర్‌జీఎంఐఐ అనే తీగల వరుస ఉంటుంది. గిగాబిట్ వేగంలో దాని క్లాక్ 125 మెగాహెర్ట్జ్. క్లాక్ ఎక్కినప్పుడూ దిగినప్పుడూ డేటా మారుతుంది కాబట్టి ఒక్కో విలువ నిలిచేది 4 నానోసెకన్లే. దాన్ని మధ్యలో చదవాలంటే క్లాక్ దాదాపు 2 నానోసెకన్లు ఆలస్యంగా రావాలి. ఆ ఆలస్యాన్ని బోర్డు మీది తీగల పొడవైనా ఇవ్వాలి, ప్రాసెసర్ అయినా, ఫై అయినా ఇవ్వాలి. ఎవరూ ఇవ్వకపోయినా, ఇద్దరు ఇచ్చినా చదివేది చెత్తే. ఫై ఇవ్వాలో వద్దో చెప్పేది డివైస్ ట్రీలో ఫై-మోడ్ అనే ఒక్క మాట. యూ-బూట్ ఒకటి పెట్టి, కెర్నెల్ ఇంకోటి పెడితే కథ ఇలాగే అవుతుంది. కేబుల్ అవతలి వైపు లింకును 100 మెగాబిట్లకు దించి చూడండి. అక్కడ క్లాక్ 25 మెగాహెర్ట్జ్, ఒక్కో విలువ 40 నానోసెకన్లు నిలుస్తుంది, 2 అటూఇటూ అయినా ఫరవాలేదు. 100లో నడిచి 1000లో నడవకపోతే ముందు వెతకాల్సింది ఫై-మోడ్‌నే.

ఇది దాటాక ఎన్ఎఫ్ఎస్, అంటే కంప్యూటర్‌లోని ఫైల్ సిస్టమ్‌ను నెట్‌వర్క్ మీదుగా వాడుకునే పద్ధతి. రూట్ (అసలు ఫైల్ సిస్టమ్) మౌంట్ కాలేదంటూ కెర్నెల్ ప్యానిక్ అయితే, అంటే ఇక నడవలేనని ఆగిపోతే, ఆ లైనులో బ్రాకెట్లలోని అంకెలు చదవండి. 0, 255 అంటే కెర్నెల్‌కు ఎన్ఎఫ్ఎస్ రూట్ కావాలని అర్థమైంది, కానీ తెచ్చుకోలేకపోయింది. 0, 0 అయితే మీ రూట్ ఆర్గ్యుమెంట్ దానికి అందనే లేదేమో చూడాలి. ఈథర్‌నెట్ డ్రైవర్‌ను మాడ్యూల్‌గా (విడి ఫైలుగా) కట్టి, ఆ మాడ్యూల్‌ను ఎన్ఎఫ్ఎస్‌లోనే ఉంచేవాళ్లకు కొదవలేదు. ఇనిట్‌ర్యామ్ఎఫ్ఎస్ (కెర్నెల్‌తోపాటు మెమరీలోకి వచ్చే చిన్న ఫైల్ సిస్టమ్) లేకపోతే డ్రైవర్ కెర్నెల్‌లోనే ఉండాలి. పాత కెర్నెళ్లు మనం చెప్పకపోతే యూడీపీ మీద ఎన్ఎఫ్ఎస్ రెండో వెర్షన్ అడుగుతాయి, ఇప్పటి సర్వర్లు దాన్ని ఒప్పుకోవు; మూడో వెర్షన్, టీసీపీ అని రాసివ్వాలి.

మౌంట్ అయి, లాగిన్ వచ్చేలోపు బిగుసుకుపోతే అది మూడో పుట్టుక తెచ్చిన తంటా. నెట్‌వర్క్ మేనేజర్ లేచి, ఈథర్‌నెట్‌ను దించి కొత్తగా ఐపీ తీసుకుందామనుకుంటుంది. తన ప్రోగ్రాము ఫైళ్లు కూడా ఆ కేబుల్ మీదే వస్తున్నాయని దానికి తెలియదు. కూర్చున్న కొమ్మనే నరుక్కున్నట్టు. ఇక సర్వర్ పలకడం లేదన్న కెర్నెల్ సందేశం ఒక్కటే మిగులుతుంది. బోర్డులో ఏ కమాండూ నడవదు, ఎందుకంటే కమాండ్లన్నీ అవతలే ఉన్నాయి. అది మనకు కలిసొచ్చేదే: ఆ ఇంటర్‌ఫేస్ జోలికి పోవద్దన్న లైనును కంప్యూటర్‌లోనే, ఎన్ఎఫ్ఎస్ ఫోల్డర్‌లోని సెట్టింగ్ ఫైలులో రాసి రీసెట్ నొక్కొచ్చు.