ఫ్యాక్టరీ మానిటర్లకు ఈ పరీక్షలన్నీ ఎందుకు?

కొలిమి పక్కన, రేవు క్రేన్ మీద, ఎండలో నిలబడ్డ కియోస్క్‌లో పనిచేసే మానిటర్ల కేటలాగుల్లో తరచూ కనిపించే మాటలు రెండు: ‘మిల్-ఎస్‌టీడీ-810 టెస్టెడ్’ (వేడి, తేమ, కుదుపులను పరికరం తట్టుకుంటుందా అని చూసే అమెరికా సైనిక ప్రమాణం), ‘ఐపీ65’ (దుమ్ము, నీటి ధార లోపలికి చొరబడవని చెప్పే గుర్తు).

ఇదంతా సైన్యం బాధతో మొదలైంది. రెండో ప్రపంచ యుద్ధంలో పసిఫిక్ దీవులకు వెళ్లిన రేడియో పరికరాలు గుండు దెబ్బ తగలకుండానే తేమకూ బూజుకూ పాడైపోయేవి. 1952లో అమెరికా రక్షణ శాఖ ఎలక్ట్రానిక్ పరికరాల విశ్వసనీయత మీద ఒక సలహా బృందాన్ని వేసింది. 1957లో దాని నివేదిక వచ్చింది. పరికరాన్ని వేడిలో, చలిలో, కుదుపుల్లో నడిపి చూడాలన్నది అందులో ముఖ్యమైన సూచన. 1962లో 810 ప్రమాణం వెలువడింది.

అప్పటి తెర పిక్చర్ ట్యూబు. ఎల్‌సీడీ వచ్చాక చిక్కు మారింది, ఎందుకంటే బొమ్మ చూపించే పదార్థం, అంటే ద్రవస్ఫటికం, కొన్ని ఉష్ణోగ్రత హద్దుల మధ్యే పనిచేస్తుంది. 1968లో అమెరికాకు చెందిన ఆర్‌సీఏ కంపెనీ లోకానికి ఎల్‌సీడీని చూపించింది గానీ, దాని తొలి ప్రయోగాల్లో ద్రవస్ఫటికాన్ని 80 డిగ్రీలు దాటించి వేడి చేస్తే తప్ప పనిచేసేది కాదు. ఇంగ్లండ్‌లో హల్ యూనివర్సిటీకి చెందిన జార్జ్ గ్రే బృందం 1970ల మొదట్లో సైనోబైఫినైల్స్ అనే కొత్త ద్రవస్ఫటికాలను తయారుచేసింది. వాటితో కూర్చిన ఈ7 మిశ్రమం సుమారు మైనస్ 10 నుంచి 60 డిగ్రీల దాకా నిలబడింది. ఇప్పటి మిశ్రమాలు ఇంకా మెరుగే. అయినా హద్దు హద్దే. అది దాటితే స్ఫటికం మామూలు ద్రవమైపోయి, తెర మీద నల్లమచ్చ పాకుతుంది. చల్లబడితే మళ్లీ బొమ్మ వస్తుంది. రామగుండంలో మే నెలలో గాలే 45 దాటుతుంది, నేరుగా ఎండ తగిలే అద్దం సంగతి చెప్పనక్కర్లేదు.

అందుకే మానిటర్‌ను వేడినీ తేమనూ మార్చగల ఛాంబర్‌లో పెట్టి పరీక్షిస్తారు. తేమ పరీక్షలో రోజుకో చక్రం: 25 డిగ్రీల నుంచి 55కి పెంచుతూ గాలిలో తేమను 95 శాతం దగ్గర ఉంచుతారు. చల్లగా ఉన్న అద్దానికీ బోర్డులకూ నీటిచుక్కలు పట్టాలనే ఈ ఏర్పాటు. మన రక్షణ కొనుగోళ్లకు జేఎస్ఎస్ 55555 ప్రమాణం ఉంది. ఇలాంటి పరీక్షలకు హైదరాబాద్‌లోనే కేంద్ర ప్రభుత్వపు ఎలక్ట్రానిక్స్ పరీక్షా కేంద్రం ఈటీడీసీ ఉంది.

అసలు పేచీ లేబుళ్లతోనే. 810కి సర్టిఫికెట్ ఇచ్చే అధికార సంస్థంటూ లేదు. ఏ పరీక్షలు చేయాలో ఎంచుకునేది తయారీదారే, ఒక్కటి చేయించినా ‘టెస్టెడ్’ అని వేసుకోవచ్చు. ప్యానెల్‌కు బిగించే మానిటర్లలో చాలావాటికి ఐపీ65 ముందు వైపుకే వర్తిస్తుంది, వెనక దుమ్ము దూరే సందులు అలాగే ఉంటాయి. కొనేముందు ల్యాబ్ రిపోర్టే అడగాలి: ఏ పద్ధతి, ఎన్ని డిగ్రీలు, ఎన్ని గంటలు, పరీక్ష జరుగుతున్నంతసేపూ తెర వెలుగుతూనే ఉందా, ఆపేసి పెట్టారా?