డబ్బులిచ్చి రిపోర్టు కొట్టించడం: అపోహలు – వాస్తవాలు

భీమవరం, ఉండి వైపు రొయ్యల చెరువుల తగాదాలు ఇప్పుడు కోర్టుకన్నా ముందు ఫోన్లకెక్కుతున్నాయి. పక్క చెరువు ఉప్పునీటికి తన వరిచేను చౌడుబారిందని రైతు వీడియో పెడతాడు. చెరువు యజమాని కుర్రాళ్లకు తలకింతని ఇచ్చి, ఆ వీడియో తీసేయాలంటూ యాప్‌లో దానిమీద రిపోర్టులు (ఫిర్యాదులు) కొట్టిస్తాడు. న్యాయవాదిగా ఈ తగాదాల్లో నాకు తరచూ వినిపించే మాటలు ఇవి.

అపోహ: వందమంది రిపోర్టు కొడితే వీడియో పోవాల్సిందే.
వాస్తవం: ఫిర్యాదుల సంఖ్యను బట్టి తొలగించబోమని ఇన్‌స్టాగ్రామే చెబుతుంది. 2015లో శ్రేయా సింఘాల్ కేసులో సుప్రీంకోర్టు కూడా, కోర్టు ఆదేశమో ప్రభుత్వ నోటిఫికేషనో అందాకే సమాచార సాంకేతిక (ఐటీ) చట్టం 79వ సెక్షన్ కింద ఇలాంటి సంస్థలకు తొలగించే బాధ్యత వస్తుందని తేల్చింది.

అపోహ: ప్రభుత్వమే సమాచారానికి బహుమతి ఇస్తోంది, మనమిస్తే తప్పేమిటి?
వాస్తవం: ఈ వాదన చదువుకున్నవాళ్ల నోటా వింటున్నాను. నాకు బాధ కలిగించేదీ ఇదే. పన్ను ఎగవేతపై సమాచారమిచ్చేవారికి ఆదాయపు పన్ను శాఖ పెట్టిన 2018 బహుమతి పథకంలో సమాచారాన్ని అధికారులు పరిశీలిస్తారు; చివరి బహుమతి పన్ను వసూలయ్యాకే. అబద్ధమని తేలితే చెప్పినవాడిపైనే చర్య. అక్కడ డబ్బిచ్చేది నిజం చెప్పినందుకు. తలకింత లెక్కలో కుర్రాడు వీడియో చూశాడా, చేను చూశాడా అని అడిగేవాడే లేడు. నొక్కితే డబ్బు. నష్టపోయే రైతుకు తనమీద ఫిర్యాదు చేసిందెవరో, ఎందుకో కూడా తెలియదు. తగాదాలో లాభమున్నవాడే ఫిర్యాదును కొనుక్కోవడం అన్యాయం.

అపోహ: ఎంత చేసినా కేసు కాదు.
వాస్తవం: యాప్‌లో రిపోర్టు వేరు, కుర్రాళ్లతో పోలీసులకు ఆన్‌లైన్లో పెట్టించే ఫిర్యాదు వేరు. ఒకరికి హాని జరగాలని, తెలిసీ అబద్ధపు సమాచారాన్ని అధికారికి ఇస్తే భారతీయ న్యాయ సంహిత 217వ సెక్షన్ కింద ఏడాది వరకు జైలు, లేదా 10,000 రూపాయల వరకు జరిమానా, లేదా రెండూ. ఫిర్యాదు కుర్రాడి పేరు మీదే ఉంటుంది కాబట్టి పోలీసులు ముందు వెళ్లేది అతని ఇంటికే. డబ్బిచ్చి పురిగొల్పినవాడికీ చట్టం మినహాయింపు ఇవ్వదు.

అపోహ: వీడియో తీసేశాక చేసేదేమీ లేదు.
వాస్తవం: ముందు వీడియో తీసేసిన సంస్థలో ఫిర్యాదులు చూసే గ్రీవెన్స్ అధికారికి రాయండి. ఆయన నిర్ణయం నచ్చకపోతే, అది అందిన 30 రోజుల్లోగా కేంద్ర ప్రభుత్వం ఏర్పాటు చేసిన గ్రీవెన్స్ అప్పిలేట్ కమిటీకి ఆన్‌లైన్లోనే అప్పీలు చేసుకోవచ్చు. చేను ఫొటోలు, తీసిన తేదీలు, నీటి పరీక్ష కాగితం ఉంటే జతచేయండి.