ఫ్లై ఫిషింగ్: కొత్తవాళ్లలో నేను చూసే అపోహలు - అసలు వాస్తవాలు

కొలరాడోలో గోల్డెన్ ఊరి పక్కగా కొండల్లోంచి దిగే క్లియర్ క్రీక్ దగ్గర నేను ఫ్లై ఫిషింగ్ నేర్చుకున్నాను. పదేళ్లుగా అక్కడికే వెళ్తున్నాను. ఏటా వేసవిలో మనవాళ్లు ఇద్దరో ముగ్గురో "అన్నా, ఈసారి మమ్మల్ని కూడా తీసుకెళ్లు" అంటూ వస్తారు. వచ్చేముందు గంటల కొద్దీ యూట్యూబ్ చూసి వస్తారు కాబట్టి అందరిలోనూ దాదాపు ఒకే రకం తప్పు అభిప్రాయాలు ఉంటాయి. వాటివల్ల మొదటి రోజే విసుగొచ్చి రాడ్‌ని గరాజ్‌లో మూలన పడేసినవాళ్లని చూశాను, అందుకే ఇది రాస్తున్నా.

అపోహ: దూరం విసరగలిగితేనే చేప పడుతుంది

ఊళ్లో చెరువు గట్టున గాలం వేసినవాళ్లకి తెలుసు, ఎరకో సీసపు గుండుకో ఉన్న బరువే దారాన్ని లాక్కుపోతుంది. ఇక్కడ సరిగ్గా దానికి తిరగేసి ఉంటుంది. ఫ్లై అంటే చిన్న కొక్కేనికి ఈకలు, బొచ్చు, దారం చుట్టి పురుగులా తయారుచేసింది, దాని బరువు లెక్కలోకే రాదు. బరువంతా లైన్‌లో (ఇక్కడ వాడే మందపాటి దారంలో) ఉంటుంది, మనం విసిరేది ఆ లైన్‌ని, ఫ్లై దాని వెంట పోతుంది. అందుకే బలం పెట్టినకొద్దీ పని చెడుతుంది. రాడ్ వెనక్కి ఎత్తాక లైన్ మన వెనకాల పూర్తిగా సాగేదాకా ఆగాలి, సాగాకే ముందుకి తేవాలి. కొత్తవాళ్లకి ఆ ఒక్క క్షణం ఆగడమే కష్టం, పైగా మణికట్టు బాగా వంచేసి లైన్‌ని వెనకాల గడ్డి మీద పడేస్తారు. తల తిప్పి వెనక్కి చూసుకోండి, అందులో తప్పేం లేదు.

పార్కులో పచ్చిక మీద, కొక్కెం లేకుండా చివర చిన్న ఎర్ర ఊలు ముక్క కట్టుకుని రోజూ పావుగంట ప్రాక్టీస్ చేస్తే వారంలో ఇరవై అడుగులు శుభ్రంగా పడుతుంది. క్లియర్ క్రీక్‌లో నాకు పడ్డ చేపల్లో ఎక్కువ భాగం ఆ ఇరవై అడుగుల లోపలివే.

అపోహ: ఇది డబ్బున్నవాళ్ల సరదా

9 అడుగుల, 5 వెయిట్ (అది విసరగల లైన్ బరువుని చెప్పే నంబర్) రాడ్ ఒకటి, రీల్, లైన్ అన్నీ కలిపి అమ్మే సెట్ చాలు. ట్రౌట్ (చల్లటి ఏళ్లలో ఉండే చేప) పట్టేటప్పుడు రీల్ చేసే పని చాలావరకు లైన్‌ని చుట్టి ఉంచడమే, దాని మీద డబ్బు పోయకండి. నా మొదటి ఏడాది ఒక షాపులో మాట విని ఖరీదైన, బాగా బిగుసుగా ఉండే రాడ్ కొన్నాను. లైన్ బరువుకి రాడ్ వంగడం చేతికి తెలిస్తేనే విసరడం వస్తుంది, దానితో నాకది తెలిసేదే కాదు, ఒక సీజనంతా వృథా అయిపోయింది. కొత్తవాళ్లకి కాస్త మెత్తగా వంగే రాడ్ మంచిది. వేడర్లు (నీళ్లలో దిగడానికి వేసుకునే తడవని ప్యాంట్లు) కూడా మొదట్లోనే అక్కర్లేదు. జులై, ఆగస్టుల్లో నిక్కరు, జారని పాత బూట్లతో నీళ్లలోకి దిగవచ్చు. కానీ మే చివర్నుంచి జూన్‌లో మంచు కరిగి ఏరు ఉధృతంగా వచ్చేటప్పుడు మాత్రం ఎంత అనుభవం ఉన్నా లోపల కాలు పెట్టకండి.

అపోహ: పురుగుల పేర్లన్నీ తెలియాలి, వందల ఫ్లైలు ఉండాలి

పేర్లు తర్వాత వస్తాయి, ముందు రాయి తిప్పండి. పిక్కల లోతు నీళ్లలోంచి అరచేతంత రాయి ఒకటి తీసి కిందివైపు చూస్తే ఇసుక రేణువులు అతికించి కట్టుకున్న సన్నటి గొట్టాలు కనిపిస్తాయి, బియ్యపు గింజ కంటే కాస్త పెద్దవి, లోపల ఉండేది కాడిస్ పురుగు పిల్ల. పక్కనే చదునుగా, రెండు మూడు తోకలతో రాయిని కరుచుకుని పాకేది మేఫ్లై పిల్ల. చేప రోజూ తినేది వీటినే. వాటి సైజు, రంగు చూసి మీ డబ్బాలో దగ్గరగా ఉన్నది కట్టండి. ప్యారాచూట్ ఆడమ్స్, ఎల్క్ హెయిర్ కాడిస్, ఫెసెంట్ టెయిల్, హేర్స్ ఇయర్, ఊలీ బగ్గర్ అనే ఐదు రకాల ఫ్లైలు ఉంటే ఒక సీజన్ గడిచిపోతుంది. మొదటి నాలుగూ 14, 16 సైజుల్లో తీసుకోండి (నంబర్ పెరిగేకొద్దీ కొక్కెం చిన్నది). ఫెసెంట్ టెయిల్‌ని తయారుచేసిన ఫ్రాంక్ సాయర్ ఇంగ్లండ్‌లో ఏవన్ నది కాపలాదారు. ఆయన దానికి వాడింది నెమలిజాతి పక్షి తోక ఈక, రాగి తీగ, అంతే, దారం కూడా లేదు. ఇప్పటికీ ట్రౌట్ దాన్ని తింటున్నాయి.

నిజానికి ఏ ఫ్లై అన్నదానికంటే అది నీటితో ఎలా పోతోందన్నది ముఖ్యం, ఈ పోస్టులో ఒక్కటే గుర్తుంచుకోవాలంటే ఇది గుర్తుంచుకోండి. నిజం పురుగు ప్రవాహం ఎటు తీసుకెళ్తే అటు పోతుంది. మీకూ ఫ్లైకీ మధ్య నీరు వేగంగా ఉంటే లైన్ విల్లులా వంగి ఫ్లైని ఈడ్చుకుపోతుంది, అది చూసిన చేప పైకి రాదు. తెలుసుకోవడం తేలికే: ఫ్లై పక్కన తేలే నురగ బుడగని చూడండి. రెండూ జంటగా పోతుంటే బాగుంది, ఫ్లై బుడగని దాటిపోయినా వెనక గీత పడినా ఈడుస్తున్నట్టే. అప్పుడు లైన్‌ని మెల్లగా ఎత్తి ఎగువ వైపు వేయాలి, దీన్నే మెండింగ్ అంటాం. లేదా రెండడుగులు దగ్గరికెళ్లి రాడ్ పైకెత్తి, లైన్ నీళ్లకి తగలకుండా పట్టుకోవాలి. గంటసేపు ఏమీ పడక ఫ్లైలు మార్చి మార్చి అలిసిపోయిన తమ్ముడొకడు, అదే ఫ్లైతో, ఇంకో అడుగు దగ్గర నిలబడి, మూడోసారికే బ్రౌన్ ట్రౌట్ పట్టాడు.

అపోహ: చేపలు నది నడిమధ్య, లోతులో ఉంటాయి

ఎక్కువగా వేగపు నీరూ నెమ్మది నీరూ కలిసే గీత దగ్గర, బండరాళ్ల ముందూ వెనకా, ఒడ్డు వారగా ఉంటాయి. అక్కడైతే ఒంటికి శ్రమ తక్కువ, తిండి దానంతటదే వస్తుంది. కొత్తవాళ్లు ముందుగా అడుగుపెట్టేది సరిగ్గా ఆ చోటే. చేప ఎగువకి ముఖం పెట్టి నిలబడుతుంది కాబట్టి దిగువ నుంచి మెల్లగా రండి.

అపోహ: ట్రౌట్ ఉంటేనే ఫ్లై ఫిషింగ్

డల్లాస్‌లోనో హ్యూస్టన్‌లోనో ఉన్నవాళ్లు ఇలా అనుకుని ఆగిపోతారు. మీ కాలనీ చెరువులో బ్లూగిల్, బాస్ ఉంటాయి, బ్లూగిల్ అయితే చిన్న ఫ్లైని గబుక్కున అందుకుంటుంది, నేర్చుకోవడానికి దాన్ని మించిన చేప లేదు.

అపోహ: వదిలేస్తే చాలు, చేప బతుకుతుంది

దీని గురించి నాకు నిజంగా బాధ. ఫోటో కోసం చేపని పొడి చేతుల్తో పట్టుకుని, గులకరాళ్ల మీద పెట్టి, నిమిషాల తరబడి గాల్లో ఉంచి "వదిలేశాం కదా" అనేవాళ్లని చాలామందిని చూశాను. చేప ఒంటి మీది జిగురే దాన్ని జబ్బుల నుంచి కాపాడుతుంది, పొడి చెయ్యి దాన్ని తుడిచేస్తుంది. కొక్కెం మీది ముల్లుని పటకారతో ముందే నొక్కేయండి, చేతులు తడుపుకోండి, చేపని నీళ్లలోనే ఉంచి కొక్కెం తీయండి. నీరు వేడెక్కేకొద్దీ అందులో ఆక్సిజన్ తగ్గుతుంది, అందుకే ఉష్ణోగ్రత 20 డిగ్రీల సెల్సియస్ చేరితే ట్రౌట్ పట్టడం ఆపేయాలి. చిన్న థర్మామీటర్ జేబులో పెట్టుకోండి.

"పట్టి వదిలేయడమెందుకు, పులుసు పెట్టుకోవచ్చుగా?" అని ఇంట్లో పెద్దవాళ్లు అడుగుతారు. రూల్స్ ఒప్పుకున్నచోట పెట్టుకోవచ్చు, నాకేం అభ్యంతరం లేదు. కానీ కొలరాడోలోని చీజ్‌మన్ కాన్యన్ లాంటి చోట్ల ప్రతి ట్రౌట్‌నీ వదలాల్సిందే, ఇక కొలరాడోలో ఎక్కడైనా పదహారేళ్లు నిండిన ఎవరికైనా లైసెన్స్ ఉండాల్సిందే, బయల్దేరేముందు మీరు వెళ్లే ఏరు రూల్స్ చదవండి.

వదిలేటప్పుడు చేప తలని ఎగువకి పెట్టి, కడుపు కింద అరచెయ్యి ఆనించి ఊరికే పట్టుకోండి, ముందుకీ వెనక్కీ ఊపొద్దు. మొప్పలు నెమ్మదిగా తెరుచుకుని మూసుకుంటాయి. కాసేపటికి తోక ఒక్కసారి చేతికి గట్టిగా తగులుతుంది, ఇక పట్టుకోనక్కర్లేదు.